వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పణ, మహబూబ్‌నగర్

అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారాలు.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పనక్కర్లేదు. నెలవారీ సమావేశాలు జరిగాయి. పీఎఫ్, గ్రాట్యుటీ దరఖాస్తుల సాయం ఎప్పటిలాగే నడిచింది. ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సిన కార్యక్రమం మాత్రం ఒక్కటే. నష్టాల్లో ఉన్న చిన్న విమాన కంపెనీలో పైలట్ల యూనియన్‌ బేరం ఎలా ఆడాలన్న అంశం మీద రోజంతా తరగతి పెట్టాం. జడ్చర్ల, షాద్‌నగర్ నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టు డ్యూటీకి పోయే మన సభ్యులూ ఆర్టీసీ రిటైర్డ్ డ్రైవర్లూ పక్కపక్కన కూర్చుని విన్నారు. రానివారి కోసం ముఖ్యమైన సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

2019 అక్టోబర్ 5న మొదలై 52 రోజులు సాగిన ఆర్టీసీ సమ్మె మనందరికీ గుర్తే. అప్పుడు తాత్కాలిక డ్రైవర్లను పెట్టి బస్సులు తిప్పారు. విమానం దగ్గర ఆ పప్పులుడకవు. ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం నడపాలంటే ఆ రకానికే టైప్ రేటింగ్, అంటే ఆ ఒక్క రకం విమానం నడపడానికి లైసెన్సులో వేసే అర్హత, ఉండాలి. అది లేకపోతే ఎయిర్‌బస్ కెప్టెన్ కూడా ఆ సీట్లో కూర్చోలేడు. డ్యూటీ గంటలకు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పరిమితి ఉంది కాబట్టి, ఉన్న కొద్దిమందితో ఎక్కువ ట్రిప్పులు కొట్టించడమూ కుదరదు. చిన్న కంపెనీలో యూనియన్‌కు ఉన్న అసలు బలం ఇదే.

అదే రేటింగ్ పైలట్ కాళ్లకు బంధం కూడా. దేశంలో ఏటీఆర్ నడిపే కంపెనీలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2017 నిబంధన ప్రకారం రాజీనామా చేసే కెప్టెన్ ఏడాది, కో-పైలట్ ఆరు నెలలు నోటీసు ఇవ్వాలి. కొత్త కంపెనీలో చేరితే సీనియారిటీ మళ్లీ అడుగు నుంచే. యాజమాన్యానికి ఈ లెక్క బాగా తెలుసు.

ఇంకో చిక్కు ఏమిటంటే, విమానాలు ఎక్కువగా కిరాయివే. కిరాయి ఆగితే వాటి యజమాని తీసుకుపోతాడు. గో ఫస్ట్ విమాన కంపెనీ 2023 మేలో దివాలా పిటిషన్ వేసింది. యజమానులు తీసుకుపోయేలా, 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు దాని 54 విమానాల రిజిస్ట్రేషన్ రద్దు చేయమంది. విమానమే లేనిచోట సమ్మె చేస్తే ఎవరికి నష్టం? జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు 2019 ఏప్రిల్ 1 నుంచి ఎగరబోమన్నారు, దాన్ని 15 దాకా వాయిదా వేశారు. 17న కంపెనీయే ఆగిపోయింది. హైదరాబాద్ కేంద్రంగా 2015లో మొదలైన ట్రూజెట్ కూడా 2022లో ఆగింది. జీతాలు నెలల తరబడి ఆగాక మొదలుపెట్టే బేరానికి విలువ ఉండదు. నా అభిప్రాయంలో ఆ రోజు తరగతి మొత్తానికి అసలు మాట ఇదే.

మరి ముందే పసిగట్టేదెట్లా? జీతం స్లిప్ పట్టుకోండి. అందులో టీడీఎస్ (జీతంలోంచి ముందే పట్టే ఆదాయపన్ను) కోత కనిపిస్తుంది. మన పేరున ప్రభుత్వానికి జమైన పన్ను చూపే ఫారం 26ఏఎస్ తెరిచి చూస్తే ఆ త్రైమాసికం ఖాళీగా ఉంటుంది. పీఎఫ్ కోసినట్టు ఉంటుంది, మరుసటి నెల 15 దాటినా పాస్‌బుక్‌లో జమ కాదు. ఒక విమానం భాగాలు విప్పి ఇంకోదానికి బిగిస్తుంటారు. ఆయిల్ కంపెనీ అప్పు ఆపి, రోజువారీ నగదు కడితేనే ఇంధనం పోస్తుంది. ఇందులో రెండు కనిపించినా ఆ వారమే చర్చలకు లేఖ పెట్టాలి.

డబ్బు లేని కంపెనీని జీతం పెంచమంటే లాభం లేదు. బకాయిలు ఏ తేదీకి ఎంత కడతారో రాతలో అడగాలి. జీతం ఇంతకాలం ఆగితే నోటీసు కాలం వర్తించదని రాయించుకోవాలి. విశ్రాంతి రోజులు, విలీనంలో సీనియారిటీ, నెలకోసారి లెక్కలు చూసే హక్కు అడగాలి. కోతకు ఒప్పుకుంటే, పాత జీతం తిరిగి వచ్చే తేదీ అదే కాగితంలో ఉండాలి. 'పరిస్థితి మెరుగుపడ్డాక' అన్న మాటకు సంతకం పెట్టొద్దు.

2025 నవంబర్ 21న పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి. రాజీ చర్చలు నడుస్తున్నప్పుడు, అవి ముగిశాక 7 రోజులు సమ్మె చెల్లదు. సగం మంది ఒకేరోజు క్యాజువల్ లీవ్ పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది. దివాలా పంపకంలో వర్క్‌మెన్‌కు, అంటే చట్టం కార్మికులుగా లెక్కించేవారికి, 24 నెలల బకాయి, తాకట్టు అప్పులిచ్చిన బ్యాంకులతో సమానంగా వస్తుంది. మిగతా ఉద్యోగులకు 12 నెలలదే, అదీ వాళ్ల తర్వాతే. అందుకే బకాయిని ఏళ్ల తరబడి పేరనివ్వకూడదు.

ఈ తరగతికి ఒక కార్యాలయం అధికారులను మూడుసార్లు స్వయంగా పోయి పిలిచాం. ఒక్కరూ రాలేదు, రామన్న కబురు కూడా లేదు. పేర్లిచ్చిన మన వాలంటీర్లలో సగం మంది ఆ ఉదయం ఫోన్ ఎత్తలేదు. కుర్చీలు వేసింది రిటైర్డ్ పెద్దలు. చూసి మనసుకు కష్టమైంది.

హాలు ఇచ్చినవారికి, నోట్స్ ఉచితంగా జిరాక్స్ తీసిచ్చిన మిత్రుడికి, భోజనాలు వండి పంపిన మహిళా సభ్యులకు, డ్యూటీ మార్చుకుని మరీ వచ్చి పాఠం చెప్పిన కెప్టెన్ గారికి, మైక్ పెట్టిన తమ్ముడికి, చివరిదాకా ఉండి హాలు ఊడ్చిన ఇద్దరు కండక్టర్లకు సంఘం తరఫున చేతులెత్తి దండం.

జమాఖర్చుల పట్టిక చివరి పేజీలో ఉంది. ఆడిట్ అయింది. చందా బాకీ ఉన్నవారు ఈ సమావేశంలోనే కట్టగలరు. తరగతి నోట్స్ ఇంకా కొన్ని కాపీలు ఉన్నాయి, కోశాధికారి దగ్గర తీసుకోండి.

మీ కార్యదర్శి