విక్కాను చేతబడి అని రాయకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

ఏటా అక్టోబరు నెలాఖరు వచ్చిందంటే మన పత్రికల్లో విదేశీ మంత్రగత్తెల మీద ఒకటో రెండో కథనాలు కనిపిస్తాయి. వాటిలో విక్కా అనే మతాన్ని కూడా చేతబడి, బాణామతి, క్షుద్రపూజల గాటన కట్టేస్తున్నారు. దీనివల్ల రెండు చోట్ల చెరుపు జరుగుతోంది. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో చదువుకుంటున్న కూతురి గదిలో ఐదు కోణాల నక్షత్రం వీడియో కాల్‌లో కనబడగానే ఇక్కడ తల్లికి నిద్ర పట్టదు. ఇంకోవైపు, చేతబడి అనేది నిజంగానే ఉన్న విద్య అని, విదేశాల్లోనూ దాన్ని నేర్పుతున్నారని పల్లెల్లో అనుమానం గట్టిపడుతుంది. ఆ అనుమానానికి బలయ్యేది ఊరి చివర ఒంటరిగా బతికే ముసలమ్మే.

అసలు తేడా పేరులోనే ఉంది. మంత్రగత్తె అన్న మాట మన ఊళ్లలో ఎవరూ తమకు తాము పెట్టుకునేది కాదు, ఇరుగుపొరుగు వేసే నింద. పశువు చచ్చినా, పిల్లాడికి జ్వరం తగ్గకపోయినా వేలు ఒకరి మీదికి తిరుగుతుంది. విక్కాలో ‘విచ్’ అన్నది ఎవరికి వారు ఇష్టపడి తీసుకునే పేరు. ఈ రెంటికీ ఒకే తెలుగు మాట వాడితే చదివేవాడికి తేడా ఎలా తెలుస్తుంది?

విక్కా పుట్టింది ఇంగ్లండులో, అదీ ఇరవయ్యో శతాబ్దంలో. మలయాలో (నేటి మలేసియాలో భాగం) కస్టమ్స్ శాఖలో పనిచేసి 1936లో రిటైరైన జెరాల్డ్ గార్డ్‌నర్, 1939లో దక్షిణ ఇంగ్లండులోని న్యూ ఫారెస్ట్ ప్రాంతంలో ఉన్న ఒక రహస్య బృందం తనకు దీక్ష ఇచ్చిందని చెప్పుకున్నాడు. మంత్రశక్తులు ఉన్నాయని చెప్పుకునేవాళ్లను శిక్షించే 1735 నాటి చట్టాన్ని బ్రిటన్ 1951లో రద్దు చేశాక ఆయన బాహాటంగా మాట్లాడటం మొదలుపెట్టి, 1954లో పుస్తకం వేశాడు. 1953లో ఆయన దగ్గర దీక్ష తీసుకున్న డోరీన్ వాలియెంటే పూజా పాఠాల్లో చాలా భాగాన్ని తిరగరాసింది. ఈనాడు విక్కన్లు చదివే దేవీ వాక్యాల్లో వినిపించేది ఎక్కువగా ఆమె గొంతే. అమెరికాలో 1986లో ఒక ఖైదీ వేసిన కేసులో ఫెడరల్ అప్పీలు కోర్టు విక్కాను మతంగా గుర్తించింది. 2007 నుంచి అక్కడ సైనికుల సమాధి రాళ్ల మీద విక్కా చిహ్నమైన పెంటకిల్‌ను, అంటే వలయంలోని ఐదు కోణాల నక్షత్రాన్ని, చెక్కడానికి అనుమతి ఉంది.

కొత్తగా చేరేవాళ్లకు ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఇది వేల ఏళ్లుగా తెగకుండా వచ్చిన మతమనీ, యూరప్‌లో 90 లక్షల మంది విచ్‌లను కాల్చి చంపారనీ కొన్ని పరిచయ పుస్తకాల్లో ఉంటుంది. రెండూ నిలబడవు. 1450 నుంచి 1750 దాకా యూరప్‌లో మంత్రవిద్య నేరం మీద మరణశిక్ష పడినవాళ్లు 40 వేల నుంచి 60 వేల వరకు ఉంటారని చరిత్రకారుల అంచనా. వాళ్లు ఏ రహస్య మతానికీ చెందినవాళ్లు కారు. ఇరుగుపొరుగు వేలెత్తి చూపిన మామూలు మనుషులు, మన ముసలమ్మలాంటివాళ్లే.

ఇక నమ్మకాల సంగతి. చాలామంది విక్కన్లు ఒక దేవినీ ఒక దేవుణ్నీ కొలుస్తారు. చంద్రుడి వృద్ధిక్షయాలు, రుతువుల మార్పు వాళ్ల పూజలకు లెక్క. సాతాను క్రైస్తవ భావన, విక్కాలో దానికి చోటు లేదు. నక్షత్రంలోని ఐదు కోణాలు భూమి, గాలి, నిప్పు, నీరు, ఆత్మలకు గుర్తులు. పంచభూతాలు తెలిసిన మనవాళ్లకు ఇది అర్థం కాని సంగతేం కాదు, అలాగని రెండూ ఒకటేననీ చెప్పలేం. ‘ఎవరికీ హాని కలగనంతవరకు నీకు నచ్చింది చేయి’ అన్నది వాళ్లు చెప్పుకునే నీతి. చేసింది మూడింతలై తిరిగి వస్తుందని కూడా చాలామంది నమ్ముతారు. అందుకే ఫలానా వ్యక్తి నన్ను ప్రేమించాలి అంటూ చేసే తంతును తెలిసిన విక్కన్లు ఒప్పుకోరు, అది ఎదుటి మనిషి ఇష్టానికి సంకెళ్లు వేయడమే. విక్కా మతం, విచ్‌క్రాఫ్ట్ ఒక సాధన. విచ్‌క్రాఫ్ట్ చేసేవాళ్లంతా విక్కన్లు కారు. సోషల్ మీడియాలో శాపాలు పెట్టడం నేర్పేవాళ్లను చూసి విక్కాను తూచకూడదు.

ఏడాదికి ఎనిమిది పండుగలు: అక్టోబరు 31న సావిన్, డిసెంబరు 21 ప్రాంతంలో యూల్, ఫిబ్రవరి మొదట్లో ఇంబోల్క్, పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి విషువత్తుకు ఓస్టారా, మే 1న బెల్టేన్, జూన్ 21 ప్రాంతంలో లిథా, ఆగస్టు 1న లూనసా, సెప్టెంబరు విషువత్తుకు మేబన్. మన పత్రికలు ‘సంహైన్’ అని అచ్చు వేసేది ఆ సావిన్‌నే, దయచేసి సరిచేయండి. దక్షిణార్ధ గోళంలో రుతువులు తిరగబడతాయి కాబట్టి ఆస్ట్రేలియాలో చాలామంది యూల్‌ను జూన్‌లో చేస్తారు. మెల్‌బోర్న్‌లోని అమ్మాయి డిసెంబరులో లిథా చేస్తోందంటే పొరపాటు పడిందనుకోవద్దు.

ఆ కూతురి గదిలో పూజ బల్ల మీద ఉండేవేమిటో ఇంట్లోవాళ్లకు తెలిస్తే సగం భయం పోతుంది. ఉత్తరాన ఉప్పు గిన్నె, అది భూమి. తూర్పున అగరుబత్తి, గాలి. దక్షిణాన కొవ్వొత్తి, నిప్పు. పడమట నీళ్ల గిన్నె. మధ్యలో పెంటకిల్ చెక్కిన పళ్లెం, ఒక పానపాత్ర. నల్ల పిడి, రెండంచులు ఉన్న అథామే అనే కత్తి కూడా ఉండవచ్చు. దాంతో దేన్నీ కోయరు, పూజ చేసే చోటు చుట్టూ గాల్లో వలయం గీయడానికే. ఆకులు, దారాలు కోసేందుకు తెల్ల పిడి కత్తి వేరే ఉంటుంది. బలి లేదు, నెత్తురు లేదు. కత్తి కొనాల్సిన పని కూడా లేదు, చూపుడు వేలు చాలు. స్కూలుకో హాస్టల్‌కో రెండంచుల కత్తి తీసుకెళితే మతం పేరు చెప్పినా అక్కడి యాజమాన్యం వినదు.

మొదటిసారి పౌర్ణమి పూజ చేసేవాళ్లకు అరగంట చాలు. గది ఊడ్చి, స్నానం చేసి, గిన్నెడు నీళ్లలో మూడు చిటికెల ఉప్పు కలపాలి. గార్డ్‌నర్ సంప్రదాయంలో వలయం అడ్డుకొలత తొమ్మిది అడుగులు. చిన్న గదిలో చేతులు చాపినంత మేర సరిపోతుంది. తూర్పున మొదలుపెట్టి మన ప్రదక్షిణ దిక్కునే తిరుగుతూ ఉప్పునీళ్లు చిలకరించి, తర్వాత ధూపం, దీపం తిప్పి, నాలుగు దిక్కులనూ పిలవాలి. తర్వాత దేవిని తలచుకోవడం, కాసేపు కళ్లు మూసుకుని కూర్చోవడం, చివరికి రొట్టె ముక్క, పండ్లరసం. లేచేముందు నాలుగు దిక్కులకూ వీడ్కోలు చెప్పి, వలయాన్ని ఎదురు దిక్కుగా విప్పాలి. కొత్తవాళ్లు ఎక్కువగా మరిచేది ఈ విప్పడమే. మనసు ఇంకా పూజలోనే ఉండగా లేచి పనుల్లో పడతారు, తర్వాత తల దిమ్ముగా ఉందంటారు. ఏదైనా తిని, అరికాళ్లు నేలకు ఆనించి కూర్చుంటే తేరుకుంటారు.

నిజమైన ప్రమాదాలు దెయ్యాలతో రావు, నిప్పుతో వస్తాయి. బల్ల మీదుగా చెయ్యి చాపినప్పుడు చున్నీ కొస కొవ్వొత్తికి తగలడం, ఎండుటాకుల కట్ట పక్కనే దీపం పెట్టడం, వెలుగుతుండగానే నిద్రపోవడం. హాస్టళ్లలో కొవ్వొత్తులు చాలాచోట్ల నిషిద్ధం, బ్యాటరీ దీపం పెట్టుకుంటే పూజకు లోపమేం లేదు. సాంబ్రాణి వేసే బొగ్గుబిళ్లను తలుపులు మూసిన గదిలో కాల్చకూడదు, కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. కాల్చాలంటే మట్టి మూకుట్లో రెండంగుళాల ఇసుక పోసి, కిటికీ తెరిచి కాల్చాలి. సుగంధ తైలాలను నేరుగా ఒంటికి రాస్తే చర్మం కాలవచ్చు, చెంచాడు కొబ్బరినూనెకు రెండు చుక్కలు మించకూడదు. దాల్చిన తైలం ఒంటికి అసలే వద్దు. పెనీరాయల్ అనే తైలం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. టీ ట్రీ తైలం పిల్లులకు విషం. మలకైట్ రాయిని తాగే నీళ్లలో వేస్తే రాగి దిగుతుంది. పాత పుస్తకాల్లో ఉమ్మెత్త లాంటి మొక్కలతో లేపనాలు ఉంటాయి, వాటి జోలికే పోకూడదు. బయట గడ్డి మీద ఉప్పుతో వలయం గీస్తే అక్కడ గడ్డి మాడిపోతుంది.

తల్లిదండ్రులు నిజంగా కనిపెట్టాల్సింది బల్లను కాదు, గురువునని చెప్పుకునే మనిషిని. గార్డ్‌నర్ సంప్రదాయంలో దీక్షకు డబ్బు తీసుకోరు. చేరాలనుకునేవాళ్లను సాధారణంగా ఏడాది పైన ఒక రోజు వేచి ఉండమంటారు. ఈ సంప్రదాయంలో పెద్దలు బట్టలు లేకుండా పూజ చేసే పద్ధతి ఉందన్నది దాచాల్సిన విషయం కాదు, అందుకే పేరున్న బృందాలు 18 ఏళ్లు నిండనివాళ్లను దీక్షకు తీసుకోవు. దీక్షకు వేల డాలర్లు అడిగినా, మైనరును ఇంట్లో చెప్పొద్దన్నా, పడక సంబంధం ఆశించినా, డాక్టరు ఇచ్చిన మాత్రలు మానేయమన్నా ఆ మనిషిని వెంటనే వదిలించుకోవాలి. బృందం తప్పనిసరేం కాదు, 1980ల నుంచి ఒంటరిగా చేసుకునేవాళ్లు బాగా పెరిగారు.

పిల్లను ‘ఏం చేస్తున్నావే?’ అని గద్దిస్తే గది తలుపు గడియ పడుతుంది. ‘ఈ దీపం దేనికమ్మా? నాకూ చెప్పు’ అంటే చెబుతుంది. విక్కన్లు ఒక నోట్‌బుక్‌లో పూజలు, కలలు రాసుకుంటారు, దాన్ని బుక్ ఆఫ్ షాడోస్ అంటారు. దాన్ని అడగకుండా తెరవడం డైరీ తెరవడంతో సమానం.

పత్రికకు నా విన్నపాలు మూడు. విక్కాను విక్కా అనే రాయండి, అనుసరించేవాళ్లను విక్కన్లు అనండి. పల్లెలో హత్య జరిగినప్పుడు ‘చేతబడి చేస్తున్న మహిళ హత్య’ అని శీర్షిక పెట్టకుండా, కొన్ని పత్రికలు ఇప్పటికే రాస్తున్నట్టు ‘చేతబడి నెపంతో’ అనండి. వార్తా పేజీలో ఎంత జాగ్రత్తగా రాసినా, అదే సంచికలో గంటలో వశీకరణం చేస్తామనే చిన్న ప్రకటన ఉంటే ఆ జాగ్రత్త ఎవరికి తలకెక్కుతుంది? ఆ ప్రకటనలు ఆపండి. మంత్రాలతో, తాయెత్తులతో రోగాలు నయం చేస్తామనే ప్రకటనల మీద మన దేశంలో 1954 నుంచే చట్టం ఉంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, హనుమకొండ