వాణ్ణి కళ్లు నులుముకోనివ్వకురా

శీనూ,

ఎలా ఉన్నారందరూ? మొన్న వీడియో కాల్‌లో మనం మాట్లాడుకున్నంతసేపూ బుజ్జిగాడు పిడికిళ్లతో కళ్లు నులుముకుంటూనే ఉన్నాడు. దుమ్మేలే అని నువ్వు కొట్టిపారేశావు గానీ, నాకు మనసొప్పక ఇంత ఉత్తరం రాస్తున్నా.

చూడబోతే అలర్జీలాగే ఉంది. మీ అపార్ట్‌మెంట్ పక్క ఖాళీ స్థలం నిండా వయ్యారిభామ, రోడ్డు పొడుగునా కోనోకార్పస్ చెట్లు. అలర్జీ ఉన్నవాళ్లకి ఆ పుప్పొడి చాలు. రెప్పల లోపలివైపునీ తెల్లగుడ్డునీ కప్పే పల్చటి పొరలో మాస్ట్ కణాలనే రక్షణ కణాలుంటాయి. వాటి లోపల హిస్టమిన్ అనే రసాయనం నిల్వ. అలర్జీ ఉన్నవాళ్లకి ఈ కణాల మీద, పుప్పొడిని గుర్తుపట్టే ఐజీఈ రకం యాంటీబాడీలు ముందే కాచుక్కూర్చుంటాయి. పుప్పొడి వచ్చి వాటికి తగిలిందా, నిమిషాల్లో హిస్టమిన్ బయటపడుతుంది. నరాల కొసలకి తగిలితే దురద. రక్తనాళాలకి తగిలితే అవి వెడల్పై కన్ను ఎర్రబడుతుంది, వాటిలోంచి నీరు ఊరి పొర ఉబ్బుతుంది.

అసలు సంగతి ఇక్కడుంది. హిస్టమిన్ పైపొర కణాలనీ రెచ్చగొడుతుంది. అవి ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-8 లాంటి కబురు మోసే రసాయనాల్ని వదులుతాయి. ఆ కబురందుకుని మరిన్ని రక్షణ కణాలు వచ్చి చేరతాయి, కొన్ని గంటలకి ఇసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు కూడా. అందుకే పొద్దున పార్కుకెళ్లొచ్చిన పిల్లాడికి సాయంత్రం దాకా ఎర్రదనం పోదు.

నులిమితే ఆ ఒత్తిడికే మాస్ట్ కణాలు ఇంకా హిస్టమిన్ వదులుతాయి, దురద ఇంకా పెరుగుతుంది. ఏళ్ల తరబడి అదే అలవాటైతే నల్లగుడ్డు పల్చబడి ముందుకి పొడుచుకొచ్చే కెరటోకోనస్ ముప్పు కూడా ఉంది. దురదెక్కినప్పుడు చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ కళ్ల మీద వెయ్యి, చాలా హాయిగా ఉంటుంది.

మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలతో ఒక్కరోజులో తగ్గిందన్నావే, అదే నా భయం. అందులో స్టెరాయిడ్ ఉంటే, డాక్టర్ చూడకుండా నెలల తరబడి వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి, చూపు నరం దెబ్బతినే గ్లాకోమా రావచ్చు, శుక్లాలూ రావచ్చు. ఒలోపటడిన్, కీటోటిఫెన్ లాంటి చుక్కలు వేరు. అవి హిస్టమిన్‌ని పని చెయ్యనివ్వవు, మాస్ట్ కణాల్నీ అదుపులో పెడతాయి. ఏది, ఎన్నాళ్లో మాత్రం డాక్టరే చెప్పాలి.

పొద్దున్నే తీగలా సాగే పుసి వస్తోందా, వెలుతురు చూడలేకపోతున్నాడా గమనించు. మనలాంటి వేడి ప్రాంతాల్లో మగపిల్లలకి ఎక్కువగా వచ్చే వర్నల్ రకం కంటి అలర్జీ కావచ్చు. పై రెప్ప తిప్పి చూస్తే గులకరాళ్లు పరిచినట్టు బుడిపెలు కనిపిస్తాయి. ఆ పని నువ్వు చెయ్యకు, డాక్టర్ చూస్తారు.

మెహదీపట్నం సరోజినీదేవి కంటాసుపత్రికైనా సరే, బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్‌కైనా సరే, ఈ శనివారమే వెళ్దాం. నేనూ వస్తా. ఆ చుక్కల సీసా మర్చిపోకుండా తీసుకురా, పేరు చదివితే డాక్టర్‌కి తెలిసిపోతుంది.

నీ
రమణ