కోయని బ్లేడును నొక్కకు

మస్కట్

చిన్నోడా,

నేను బాగున్నాను. పని మామూలే. పదో తారీఖులోపు డబ్బులు వేస్తాను, అమ్మ మందులకి ఎవర్నీ అడగొద్దు.

ఆటోనగర్ షెడ్డులో రాళ్ళు కోసే బ్లేడు పన్ను ఊడి గోడకి తగిలిందట. అమ్మ చెప్తే తెలిసింది. నువ్వు చెప్పకూడదూ? ఎవరికీ తగల్లేదు, అది చాలు.

కొత్త బ్లేడు గ్రానైటుని కోయట్లేదని గట్టిగా నొక్కావట. కోసేది స్టీలు కాదురా, పళ్ళలో ఉన్న వజ్రపు రవ్వలు. పై రవ్వలు అరిగాక, వాటిని పట్టుకున్న లోహం కూడా అరిగితేనే కింద కొత్తవి తేలతాయి. గ్రానైటు గట్టిది, ఆ లోహాన్ని అంతగా అరగదీయదు. ఆ పట్టుకునే లోహాన్నే బాండు అంటారు. అందుకే గ్రానైటుకి మెత్తటి బాండు కావాలి. ఇసుకరాయికి, పచ్చి కాంక్రీటుకి గట్టి బాండు. కొట్లో సైజు ఒక్కటే కాదు, ఏ రాయి కోస్తావో కూడా చెప్పు.

ప్లగ్గు పీకేసి పన్ను మీద బొటనవేలు రాసి చూడు. గాజులా నున్నగా ఉంటే మొద్దుబారినట్టే. ఇసుకరాయిలోగానీ సిమెంటు ఇటుకలోగానీ పైపైన ఐదారుసార్లు కోస్తే గరుకు తిరిగొస్తుంది. నొక్కావంటే వేడెక్కి స్టీలు వంకరపోతుంది, పన్ను అతుకు వదిలేస్తుంది. ఆ ఊడిన బ్లేడు దాచకు, పారెయ్.

నాన్న దగ్గు ఎలా ఉంది? పొడిగా కోసేటప్పుడు ఆయన్ని షెడ్డులో కూర్చోబెట్టకు. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులు ఒకసారి పాడైతే మళ్ళీ బాగవ్వవు. కర్చీఫు ఆపదు, ఎన్95 కట్టుకో. నీటి గొట్టం ఉన్న కట్టరుతోనే కొయ్యి, నీళ్ళు బ్లేడుకి రెండు వైపులా పడాలి. మామూలు చేతి గ్రైండరు మీద నీళ్ళు పొయ్యకు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ, అంటే కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చు, లేని లైనుకి ప్లగ్గు పెట్టకు. నేను భయపెట్టట్లేదు, ఇవి నిజంగా ప్రాణాల మీదకొచ్చేవి.

బిగించేటప్పుడు బ్లేడుని రెండు వైపులా పట్టే బిళ్ళలు, ఫ్లాంజీలు, రెండూ ఒకే సైజువి ఉండాలి, వాటికి అంటుకున్న రాతి పేస్టు తుడిచెయ్యి. బ్లేడు మీది బాణం గుర్తు మిషను తిరిగే వైపే ఉండాలి. వాడిన పన్ను దగ్గరగా చూస్తే ఒక్కో రవ్వ వెనక సన్నటి తోకలా లోహం మిగిలి ఉంటుంది, రవ్వకి ఆసరా అదే. తిప్పి బిగిస్తే ఆ ఆసరా పోయి రవ్వలు రాలిపోతాయి. బ్లేడు మీద రాసిన ఆర్పీఎం, అంటే నిమిషానికి తిరిగే చుట్లు, మిషను ఆర్పీఎం కంటే తక్కువుంటే అసలు ఎక్కించకు.

మిగతా బ్లేడుల ఫొటోలు రెండు వైపులా తీసి పంపు. పళ్ళ మధ్య గాడుల దగ్గర వెంట్రుకంత పగులున్నా కనబడేలా, వెలుతురులో తియ్యి. నేను చూసి చెప్పేదాకా మిషను వెయ్యకు.

మీ అన్నయ్య