సరిహద్దు ఒక్కటే కాదు

ప్రియమైన రవికి,

నీ ఉత్తరం అందింది. రక్షణ బడ్జెట్ పెరగాలన్న నీ వాదనతో నాకు పేచీ లేదు. అయితే దేశ భద్రతంటే సైన్యమూ ఆయుధాలే అన్నట్టు వ్రాశావు. నా మనసు అక్కడే ఆగిపోయింది. వాతావరణ మార్పు తెచ్చే విపత్తులూ దేశ భద్రతకు ముప్పేనని నా వాదన. అందుకే ఇంత పొడవుగా వ్రాస్తున్నాను, ఓపికగా చదువు.

2023 అక్టోబరు 3 రాత్రి ఉత్తర సిక్కింలో దక్షిణ ల్హోనాక్ సరస్సు గట్టు తెగింది. హిమానీనదం ఏటేటా కరిగి వెనక్కి పోతుంటే, ఆ నీరు చేరి పెరుగుతూ వచ్చిన సరస్సు అది. పక్క చరియ విరిగి అందులో పడడంతో నీరు తీస్తా నది లోయలోకి విరుచుకుపడి, చుంగ్‌థాంగ్ దగ్గరి 1,200 మెగావాట్ల జలవిద్యుత్ ప్రాజెక్టు ఆనకట్టను ఊడ్చుకుపోయింది. దిగువన నిలిపి ఉంచిన సైనిక వాహనాలు బురదలో కూరుకుపోయి 23 మంది జవాన్లు గల్లంతైతే, ప్రాణాలతో దొరికింది ఒక్కరే. వరదలో కొట్టుకుపోయిన మందుగుండు పశ్చిమ బెంగాల్‌లోని జల్పాయిగుడి దాకా చేరి, అక్కడ పేలి సామాన్యుల ప్రాణాలు తీసింది. టిబెట్ సరిహద్దున కాపలా కాసే దళాలకు సరుకులు వెళ్ళే దారిలో వంతెనలు తెగిపోతే, అది రక్షణ సమస్య కాక మరేమిటి? ఆ సరస్సు తెగే అవకాశం చాలా ఎక్కువగా ఉందని మన హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) శాస్త్రవేత్తలు పదేళ్ళ ముందే లెక్కగట్టి చెప్పారు. 2016లో పైపులు వేసి కొంత నీటిని బయటికి తోడారు కూడా. అది చాలలేదు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

తిండి సంగతీ అంతే. 1901 నుంచి ఉన్న లెక్కల్లో 2022 నాటి మార్చి అంత వేడి మార్చి అప్పటిదాకా లేదు. గోధుమ గింజ పాలు పోసుకునే వేళ ఆ ఎండ తగిలి పంజాబ్, హర్యానాల్లో దిగుబడి పడిపోయింది. 11 కోట్ల టన్నులు దాటుతుందన్న అంచనాను ప్రభుత్వం తగ్గించుకొని, మే 13న ఎగుమతులను ఆపేసింది. ఉక్రెయిన్ యుద్ధం వల్ల బయట ధరలు పెరగడంతో రైతులు వ్యాపారులకే అమ్ముకున్నారు. దాంతో ప్రభుత్వ సేకరణ అంతకుముందటి ఏడు 433 లక్షల టన్నులుండగా, ఆ ఏడు 188 లక్షల దగ్గరే ఆగింది. అదే ఎండకు ఏప్రిల్‌లో కరెంటు వాడకం రికార్డుకెక్కి, బొగ్గు రైళ్ళకు దారివ్వడానికి ప్రయాణికుల రైళ్ళను రద్దు చేశారు. పంట, కరెంటు, రైలు ఒకే దెబ్బకు చిక్కడమే ఇందులో భయపడవలసిన విషయం.

తూర్పు నౌకాదళ కేంద్రమైన విశాఖ మీదుగానే 2014లో హుద్‌హుద్ తుపాను తీరం దాటిందనీ, నౌకాదళ స్థావరంలోనే ఉన్న విమానాశ్రయం రోజుల తరబడి మూతపడిందనీ నీకు నేను చెప్పనక్కరలేదు.

ఈసారి బడ్జెట్ చదివేటప్పుడు హిమానీ సరస్సులపై నిఘాకూ, వేడిని తట్టుకునే వంగడాలకూ, తుపాను హెచ్చరికలకూ ఎంత కేటాయించారో రక్షణ పద్దు పక్కనే పెట్టి చూడు. ఆ తర్వాత కూడా నీ అభిప్రాయం మారకపోతే, ఎందుకో వివరంగా వ్రాయి.

ఇట్లు,
నీ శ్రీనివాస్