రాయితోపాటు దాని ఊరు పేరూ దాచాలి

సంపాదకులకు,

అయ్యా,

రాయపూర్–విశాఖపట్నం కొత్త రహదారి కోసం కొరాపుట్ జిల్లాలో కొండలను కోస్తున్నారు. ఆ కోతల్లో బయటపడుతున్న తాజా రాయి క్రషర్లకు, గట్ల పూడికకు వెళ్లిపోకముందే కోతకు రెండేసి పిడికెడు ముక్కలైనా, దొరికిన చోటు పేరుతో సహా, మన కళాశాలల్లో భద్రపరచాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

మామూలు కొండరాయికి ఇంత ఆరాటం దేనికని పాఠకులు అడగవచ్చు. మనిషి తవ్విన అతి లోతైన బోరు, రష్యాలోని కోలా ద్వీపకల్పంలోది, 12 కిలోమీటర్లు దాటి కొంచెమే దిగింది. అంతకు దిగువ సంగతులు పైకి వచ్చిన రాళ్లే చెప్పాలి. వజ్రాలు ఎక్కువగా 150 నుంచి 200 కిలోమీటర్ల లోతులో పుడతాయి. కొన్ని ఇంకా కింది నుంచి వస్తాయి. బ్రెజిల్‌లోని జూయినా ప్రాంతంలో దొరికిన, మూడు మిల్లీమీటర్లు మాత్రమే ఉన్న ఒక వజ్రంలో రింగ్‌వుడైట్ అనే ఖనిజపు రేణువు ఉందని 2014లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. భూమిలో సుమారు 520 నుంచి 660 కిలోమీటర్ల లోతున మాత్రమే నిలకడగా ఉండే ఆ ఖనిజంలో, బరువులో దాదాపు ఒకటిన్నర శాతం నీరు బంధించి ఉన్నట్టు తేలింది. నగల వర్తకుడు మచ్చ అని పక్కన పెట్టే రేణువును బయటికి తీయకుండానే, ఎక్స్‌రేలతోనూ, పరారుణ కాంతితోనూ, రామన్ వర్ణపటంతోనూ దాని గుట్టు విప్పారు. ఈ వర్ణపటానికి ఆధారమైన కాంతి ప్రభావాన్ని 1928లో కనుగొన్న సి.వి. రామన్ పాఠశాల చదువు మన పక్కనున్న విశాఖపట్నంలోనే సాగిందని, ఆయన తరువాత బెంగళూరులో వజ్రాలపై ఏళ్ల తరబడి పరిశోధన చేశారని మా విద్యార్థులకు చెప్పడం నాకు ఎప్పుడూ ఇష్టంగా ఉండేది.

మన కొండల్లో వజ్రాలున్నాయని నేను అనడం లేదు. అయితే ఇక్కడి ఖోండలైట్ కూడా లోతులు చూసి వచ్చిన రాయే. ఈ కొండల్లోని ఖోండు ప్రజల పేరు మీదుగా 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు దానికి ఆ పేరు పెట్టారు. కోణార్క ఆలయం కట్టింది ఎక్కువగా ఆ రాతితోనే. ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బురద, ఇరవై కిలోమీటర్లకు పైగా కిందికి దిగి, కొన్నిచోట్ల 900 డిగ్రీలు మించిన వేడిలో మారి, ఎర్రని గార్నెట్ ఖనిజపు గింజలతో మళ్లీ పైకి తేలింది. ఎలక్ట్రాన్ పుంజంతో ఒక్క గార్నెట్ గింజను నడిమి నుంచి అంచు దాకా పరీక్షించి, అందులోని ఇనుము, మెగ్నీషియం పాళ్లను పక్క ఖనిజంతో పోల్చితే ఆ రాయి ఎంత వేడిని చూసిందో లెక్కకట్టవచ్చు. గుండుసూది మొనకన్నా చిన్నదైన జిర్కాన్ అనే ఖనిజపు రేణువులో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిస్తే కాలం తెలుస్తుంది. తూర్పు కనుమల్లో అది చాలాచోట్ల వంద కోట్ల ఏళ్లకు కాస్త అటూ ఇటూగా వస్తోంది.

ఈ యంత్రాలు మన జిల్లాల్లో లేకపోయినా ముక్కను ఎక్కడికైనా పంపవచ్చు. చోటు పేరు పోతే మాత్రం ఏ యంత్రమూ దాన్ని తిరిగి తేలేదు. కోహినూర్ కృష్ణాతీరంలోని కొల్లూరు గనిదని మనం చెప్పుకుంటాం గాని, అది ఏ గుంటలో దొరికిందో నాడు ఎవరూ రాసి ఉంచలేదు. నేను పనిచేసిన ఒక కళాశాలలో పైకప్పు మరమ్మతుల సమయంలో, విద్యార్థులు ఏళ్ల తరబడి కొండలెక్కి తెచ్చిన నమూనాలను చెత్తతో కలిపి ఆవరణలో పారబోశారు. మరునాడు కొన్ని ఏరుకున్నాను, కానీ చీటీలు వానకు తడిసి పోయాయి. ఈనాటికీ అవి నా దగ్గరే ఉన్నాయి. ఖోండలైట్ అని చెప్పగలను, ఏ కొండదో చెప్పలేను. ఆ బాధ నన్ను వదలలేదు.

కాబట్టి ప్రతి కోత దగ్గరా తీసిన ముక్క మీద పెయింటుతోనే అంకె వేయించి, కిలోమీటరు రాయి, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, రాతి పొరలు వాలిన దిక్కు రిజిస్టరులో రాయించాలని రహదారి అధికారులను, కళాశాలల ప్రిన్సిపాళ్లను వేడుకుంటున్నాను. దీనికి కావలసింది ఒక పెయింటు డబ్బా, ఒక రిజిస్టరు, తాళం పడే బీరువా. కోత గోడల మీద సిమెంటు పూత పడకముందే ఈ పని మొదలుకావాలి.

ఇట్లు,
విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు,
రాయగడ, ఒడిశా.