సిలిండరుకు ఆకురాయి పెట్టే ముందు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పాత స్కూటర్ల మోజు గురించి వచ్చిన వ్యాసం చదివాను. మూలపడ్డ చేతక్‌లను కుర్రాళ్లు మళ్లీ రోడ్డెక్కిస్తున్నారంటే నాకూ సంతోషమే. కానీ ఎగ్జాస్ట్ పోర్టును (సిలిండరు గోడలో పొగ బయటికి పోయే కంతను) ఆకురాయితో పైకి అరగదీసి, బోరు (సిలిండరు లోపలి వెడల్పు) ఒక మిల్లీమీటరు పెంచితే బండి రాకెట్ అవుతుందని చివర్లో రాశారు చూడండి, అక్కడ నా కాఫీ చల్లారిపోయింది. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై నాలుగేళ్లు సిలిండర్లకు బోరింగ్ చేసినవాడిని. ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు బోరు సంగతి. చేతక్ బోరు 57 మి.మీ., స్ట్రోకూ, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరమూ, అంతే. లెక్క కడితే 145.45 సీసీ. బోరు 58 చేస్తే 150.6. పెరిగింది అయిదు సీసీ, నూటికి మూడున్నర. వెనక కూర్చున్న మనిషి భోజనం చేసి ఎక్కాడా, ఖాళీ కడుపుతో ఎక్కాడా అన్నంత తేడా. అరిగిన సిలిండరును మళ్లీ గుండ్రంగా చేయడానికి బోరింగ్ గానీ, బలం కోసం కాదు.

పోర్టు దగ్గర మాత్రం బలం నిజంగానే ఉంది. చిక్కూ అక్కడే ఉంది. ఈ పాత చేతక్‌లది టూ స్ట్రోక్ ఇంజిన్. దాని హెడ్‌లో వాల్వులుండవు, పోర్టులకు పిస్టనే తలుపు. అది కిందికి దిగుతూ ముందు ఎగ్జాస్ట్‌ను తెరుస్తుంది, కాస్త ఆగి, కొత్త పెట్రోలు మిశ్రమం లోపలికి వచ్చే ట్రాన్స్‌ఫర్ పోర్టులను. ఎగ్జాస్ట్ పై అంచును ఒక మిల్లీమీటరు పైకి జరిపితే, చేతక్ కొలతల్లో అది తెరిచి ఉండే వ్యవధి ఇంజిన్ చుట్టులో నాలుగైదు డిగ్రీలు పెరుగుతుంది. ఇంజిన్ జోరుగా తిరిగేటప్పుడు అది మేలే. నిదానంగా తిరిగేటప్పుడు పిస్టన్‌ను నెట్టాల్సిన ఒత్తిడి ముందే బయటపడుతుంది, దాని వెంట కాలని పెట్రోలూ పోతుంది. పోయిన మిశ్రమాన్ని వెనక్కి నెట్టేది సైలెన్సర్ ఆకారం. తూర్పు జర్మనీ ఎంజెడ్ కంపెనీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజినీరు 1950లలో రేసు బండ్ల మీద కుస్తీ పట్టింది దీనికోసమే: గొట్టంలోకి వెళ్లి తిరిగొచ్చే ఒత్తిడి అల సరిగ్గా పోర్టు మూసుకునే ముందు అందాలి. గొట్టం సంగతి వదిలేసి పోర్టు ఒక్కటే పెంచితే పని చెడినట్లే.

చెడగొట్టినవాడినే చెబుతున్నాను. 1987లో నా సొంత చేతక్‌కు గుండ్రటి ఆకురాయితో ఒక రాత్రంతా కూర్చుని మూడు మిల్లీమీటర్లు లేపాను. మర్నాడు బందరు రోడ్డు మీద టాప్ గేరులో అది కూసిన కూతకు పొంగిపోయాను. శుక్రవారం మా ఆవిడను ఎక్కించుకుని ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు ఎక్కబోతే మొదటి మలుపులోనే మొరాయించింది. ఫస్ట్ గేరులోనూ లాగలేదు. ఆవిడ దిగి నడిచింది. పైకి చేరాక, “పూజ బండికి చేయించాలా, మీకా?” అంది. అరగదీసిన ఇనుమును తిరిగి అతికించలేం కదా, కొత్త సిలిండరు కొన్నాను.

ఈ మే నెలలో ఒక ఇంజినీరింగ్ కుర్రాడు గోనెసంచిలో సిలిండరు పట్టుకొచ్చాడు. గుంటూరు వెళుతుంటే కాజ దాటాక ఇంజిన్ పట్టేసి, వెనక చక్రం బిగుసుకుపోయిందట. మోచేయి చెక్కుకుపోయింది, అంతటితో గండం గడిచింది. సిలిండరును వెలుతురుకు పెట్టి చూస్తే ఎగ్జాస్ట్ వైపు గోడ మీద నిలువుగా అల్యూమినియం చారలు. పోర్టు వెడల్పు 39 మి.మీ.; బోరులో మూడింట రెండు వంతులు దాటేసింది. అంత సందులోకి పిస్టన్ చుట్టూ ఉండే రింగు ఉబ్బుతుంది. అంచుకు ఏటవాలు కూడా తీయలేదు, రింగు అక్కడే తగిలి విరిగింది. ప్లగ్ చూపించమంటే సున్నం కొట్టినట్లు తెల్లగా ఉంది, పెట్రోలు చాలలేదన్నమాట. సైలెన్సర్ మార్చాడు, పెట్రోలును కొలిచి వదిలే కార్బురేటర్ జెట్టు మార్చలేదు. ఈ ఇంజినుకు నూనె వచ్చేది పెట్రోలుతోనే. లీటరుకు 20 మి.లీ. తప్పకుండా కలిపినా, పెట్రోలు తగ్గితే నూనె కూడా తగ్గుతుంది.

అంత మోజుంటే ముందు పోర్టులోనూ సైలెన్సర్‌లోనూ పేరుకున్న బొగ్గు తీయండి. సిలిండరు కింద గ్యాస్కెట్ ట్రాన్స్‌ఫర్ దారిలోకి పొడుచుకొచ్చిందేమో చూసి కత్తిరించండి. చాలా బండ్లకు పోయిన పికప్ ఈ ఒక్కపూట పనితోనే వచ్చేస్తుంది. ఇంకా కావాలంటే పిల్లల జామెట్రీ పెట్టెలోని కోణమానినులు రెండు అట్టకు అతికించి, ఫ్లైవీల్‌కు బిగించి, పోర్టు ఎక్కడ తెరుచుకుంటుందో ఎక్కడ మూసుకుంటుందో కాగితం మీద రాసుకోండి. ఆకురాయి ఆ తర్వాత. జెట్టు పెద్దదానితో మొదలుపెట్టి ఒక్కొక్కటే దిగండి, ప్లగ్ లేత గోధుమ రంగుకు వచ్చేవరకు. పరీక్షించేటప్పుడు ఎడమచేతి రెండు వేళ్లు క్లచ్ మీదే ఉండాలి.

కొట్టు ఇప్పుడు మా అబ్బాయిది, మూల బల్ల ఒక్కటే నాది. ఆ కుర్రాడి సిలిండరు దాని మీదే ఉంది. మీ విలేకరి వస్తే చూపిస్తాను. పోర్టు అంచును వేలితో తడమొద్దని మాత్రం చెప్పండి, తెగుతుంది.

ఇట్లు,
ఒక పాత బోరింగ్ పనివాడు,
ఆటోనగర్, విజయవాడ