ఓపీ చీటీలో ఒక్క గడి పెంచండి

సంపాదకుడు గారికి,

తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. యాంటీబయాటిక్స్ గురించి పేపర్లలో తరచూ వస్తూనే ఉంటుంది, చీటీ లేకుండా కొనొద్దు, మధ్యలో ఆపొద్దు అని. మంచిదే. కానీ ఆ మాత్రతో పాటు ఇంట్లో ఇంకేం మింగుతున్నారని పేషంటును అడిగేవాళ్ళే లేరు, ఈ ఉత్తరం దాని గురించే.

వానలు పడ్డాక మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో స్క్రబ్ టైఫస్ జ్వరాలు వస్తుంటాయి కదా. పొదల్లో, గడ్డిలో ఉండే, కంటికి సరిగా ఆనని పురుగు కుట్టడం వల్ల వచ్చేది. కొందరికి చంకలోనో గజ్జల్లోనో నల్లటి చెక్కు కడుతుంది, నొప్పి పుట్టదు కాబట్టి ఎవరూ చూసుకోరు. దీనికి పనిచేసే యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్, లేదంటే అజిత్రోమైసిన్. మెడికల్ షాపుకెళ్ళి "జ్వరానికి ఏదైనా ఇయ్యన్నా" అంటే కవర్లో వేసిచ్చే సెఫిక్సిమ్, అమాక్సిసిలిన్ ఈ జ్వరాన్ని ఏమీ చెయ్యలేవు.

సరే, డాక్టరు దగ్గరికే వెళ్ళారు, డాక్సీసైక్లిన్ రాశారు అనుకుందాం. ఇంటికెళ్ళి దాంతో పాటే ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర, పైన గ్యాస్‌కు తెల్ల సిరప్ ఒక మూత, అన్నీ ఒకేసారి వేసేసుకుంటే పని అయిపోతుందని! ఇనుము, కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం ఇవన్నీ ఆ మందును కడుపులోనే పట్టేసుకుంటాయి, రక్తంలోకి ఎక్కాల్సినంత ఎక్కదు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌కీ అంతే, దాన్ని ఉత్త పాలతో కూడా మింగకూడదు, ఐరన్, కాల్షియం లాంటివి ఉంటే వాటికి రెండు గంటల ముందో ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. ఇదేదీ చెప్పకుండా పంపిస్తే జ్వరం తగ్గదు, తగ్గకపోతే "ఈ డాక్టరు మందు మనకు పడలా" అని ఇంకో చోటికి పోతారు, అక్కడ ఇంకా పెద్ద యాంటీబయాటిక్ రాస్తారు.

ఇక భస్మాలు. లోహ భస్మం అంటే ఇనుమే. శంఖ భస్మం, ప్రవాళ భస్మం చాలావరకు కాల్షియమే. ఆయుర్వేదం కదా, ఇంగ్లీషు మందుకు దానితో ఏం పని అనుకుంటారు. కడుపుకు ఆ తేడా తెలియదు.

షుగరు ఉన్నవాళ్ళ విషయంలో నాకు అసలు టెన్షన్. లెవోఫ్లాక్సాసిన్ రకం యాంటీబయాటిక్స్ వాడేటప్పుడు, అందులోనూ షుగరుకు గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకునేవాళ్ళలో, షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. ఇదే కుటుంబంలోని గాటిఫ్లాక్సాసిన్ మాత్రలను, ఇంజెక్షన్లను మన దేశంలో 2011లో నిషేధించడానికి కారణం కూడా ఈ షుగరు గొడవే. దానికి తోడు పొద్దున్నే కాకర రసం, సాయంత్రం తిప్పతీగ కషాయం, రెండూ షుగరును తగ్గించేవే. గుండె కవాటాల ఆపరేషన్ అయ్యి రక్తం పలచబడే మాత్ర వేసుకునేవాళ్ళకు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఇస్తే రక్తం ఇంకా పలచబడుతుంది, పైన వెల్లుల్లి గుళికలు కూడా మింగుతుంటే చెప్పనే అక్కర్లేదు.

నాటు వైద్యాన్ని వెక్కిరించడానికి రాయడం లేదు, పుత్తూరు కట్టును నమ్మే ఇంట్లోనే పెరిగాను. మా దగ్గరికొచ్చే అవ్వలను "వేరే మందులేమైనా వాడుతున్నారా" అంటే, "మందులేం లేవు పాపా, కసాయం తాగుతాండా, అంతే" అంటారు. వాళ్ళ లెక్కలో కషాయం మందు కాదు, అబద్ధం చెప్పడం లేదు. కొందరైతే డాక్టరు తిడతారని దాస్తారు, తిట్టే డాక్టర్లూ ఉన్నారు మరి. అందుకే పేరు పెట్టి అడగాలి: తిప్పతీగ, నేలవేము, బొప్పాయాకు రసం, చూర్ణం, లేహ్యం, భస్మం.

2014 మార్చి 1 నుంచి షెడ్యూల్ హెచ్1 అని మందుల అమ్మకం మీద ఒక నిబంధన అమల్లో ఉంది. సెఫిక్సిమ్, లెవోఫ్లాక్సాసిన్ లాంటివి అమ్మితే మెడికల్ షాపు వాళ్ళు డాక్టరు పేరు, పేషంటు పేరు, మందు, ఎన్ని ఇచ్చారో రిజిస్టర్లో రాసి మూడేళ్ళు ఉంచాలి. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు వాటిని తెరిచి చూస్తే బాగుంటుంది, అది వేరే ఉత్తరం అవుతుంది.

నేను అడిగేది చిన్నది. ప్రభుత్వ ఆసుపత్రయినా ప్రైవేటయినా ఓపీ చీటీ మీద బీపీ, షుగరు, బరువు పక్కన "ఇంట్లో వాడేవి" అని ఒక గడి పెట్టమని జిల్లా వైద్యాధికారులు చెప్పాలి. ఆ గడి నర్సులం నింపుతాం, డాక్టరు టైమేమీ పోదు. ఏ యాంటీబయాటిక్‌తో ఏది పొసగదో ఒక్క పేజీ పట్టిక కావాలి. స్విమ్స్, రుయా ఆసుపత్రులు, టీటీడీ ఆయుర్వేద కళాశాల అన్నీ ఈ ఊర్లోనే ఉన్నాయి, ముగ్గురూ ఒక పూట కూర్చుంటే అయ్యే పని, తెలుగులో రాస్తే చాలు, మిగతాది మేం ఓపీ గోడకు అంటించుకుంటాం.

— ఒక స్టాఫ్ నర్సు, తిరుపతి